వేపచెట్టు కొట్టిన నెల

ప్రశ్న:

అమ్మా, నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర పల్లె. ఇప్పుడు ఒంగోలులో ఉద్యోగం, ఇక్కడే కాపురం. వయసు నలభై ఒకటి. సేద్యం మా అన్న చూసుకుంటాడు. పొగాకు, కొంచెం శనగ. అమ్మ ఆయన దగ్గరే ఉంటుంది.

మా పొలం గట్టున ఒక వేపచెట్టు ఉండేది. మా నాయన చేత్తో పెట్టింది. చివరి రోజుల్లో ఆయన మధ్యాహ్నాలు దాని కిందే నులకమంచం మీద పడుకునేవాడు. పోయి ఆరేళ్లయింది. 2023 డిసెంబరులో మా అన్న ఆ చెట్టు కొట్టించేశాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. ఊరి నుంచి వచ్చినవాళ్లెవరో అంటే తెలిసింది. ఫోన్ చేసి, నాయన్ని నరికినంత పని చేశావన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. ఆయన ఏమీ మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడు. ఆ ఏడు తుపానుకు తోటంతా పోయి మళ్లీ నాటాడని, చేతిలో డబ్బాడక చికాకుగా ఉన్నాడని అమ్మ చెప్పింది. అయితే మాత్రం? అప్పటి నుంచి నేను ఊరికి పోలేదు. పండగలకు కూడా. అమ్మే వచ్చి చూసి పోతుంది.

బీపీ వచ్చింది. డాక్టరు మాత్రలిచ్చి, రోజూ నడవమన్నాడు, ప్రశాంతంగా ఉండే చోట కాసేపు కూచోమన్నాడు. ఆదివారాలు తెల్లారకముందే కొత్తపట్నం బీచికి పోతున్నాను. ఎనిమిది నెలలైంది. ప్రకృతిలో తిరిగితే మనసు మెత్తబడుతుందని, కోపాలు చిన్నవైపోతాయని, బతుక్కి కావలసిన పాఠాలు అక్కడ దొరుకుతాయని అందరూ అంటారు. నాకేమీ దొరకలేదమ్మా. అలల ముందు కూచుని కూడా అన్నతో తగాదానే మనసులో నడుపుతుంటాను. సరుగుడు తోట చూసినా కొట్టేసిన చెట్టే గుర్తొస్తుంది. ఇంట్లో కసురుకోవడం ఎక్కువైంది. పోయిన వారం మా పాప, పదేళ్లది, "నాన్నా, నువ్వు సముద్రం దగ్గరికి పోయొచ్చినా అంతే, పోకపోయినా అంతే" అంది. ఆ మాట గుచ్చుకుని మీకు రాస్తున్నాను. చెట్టూ పుట్టా మనిషికి దయ నేర్పుతాయంటారే, ఎట్లా నేర్పుతాయి? నాలోనే ఏదైనా లోపముందా?

ఒక తమ్ముడు, ఒంగోలు

జవాబు:

నాయనా,

నీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. నీలో లోపం లేదు. నీకు చెప్పినవాళ్ల మాటలోనే కొంత లోటుంది. సముద్రం ముందు కూచుంటే కోపం దానంతటదే కరిగిపోతుందంటే నేను నమ్మను. సముద్రం పెద్దదే. పెద్దదాని ముందు కూచున్నంత మాత్రాన మన తగాదా చిన్నదైపోదు. కళ్లకు పట్టుగా చూసేదేమీ లేనప్పుడు మనసు తన పాత పనికే పోతుంది. అలలు వచ్చినట్టే అన్నతో అనాల్సిన మాటలూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఈ ఎనిమిది నెలలూ నువ్వు సముద్రం వైపు ముఖం పెట్టి మీ ఊరి గట్టునే చూశావు.

ఇంకో సంగతి కూడా తేల్చుకుందాం. ప్రకృతికి దయ ఉంటుందని, అది మనకు అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. నువ్వు పోయే ఒడ్డునే చూడు. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి సముద్రపు తాబేళ్లు, ఆలివ్ రిడ్లేలు, గుడ్లు పెట్టడానికి వస్తాయి. తల్లి రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గుంట తవ్వి, నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి, నీళ్లలోకి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గుంట వైపు రాదు. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు ఇసుకలోంచి పైకొస్తాయి. నీళ్లు చేరేలోపే కొన్నింటిని పీతలు లాక్కుపోతాయి. తెల్లారితే కాకులు, కుక్కలు. ఇందులో దయ ఎక్కడుంది? అలాగని పీతను పాపిష్టిదనగలమా?

ఏరుకోవడానికి దయ ఇసుకలో గవ్వల్లాగా పడి ఉండదు నాయనా. చూసేవాడి దగ్గరుండాలి. చెట్టూ పుట్టా మనకు చేసే మేలు వేరే ఉంది. అవి చూడటం అలవాటు చేస్తాయి. అక్కడ మనకెవరి మీదా కక్ష లేదు. కొంగ మనకు బాకీ లేదు, పీత మనల్ని ఒక మాట అనలేదు. అందుకే అక్కడ ఓపిగ్గా చూడగలుగుతాం. ఆ ఓపిక చేతికొచ్చాక ఇంటికి తెచ్చుకోవాలి. ఆ పని చేయకపోతే మీ పాప అన్నదే నిజమవుతుంది.

నేను ముప్పై నాలుగేళ్లు హైస్కూళ్లలో సైన్సు చెప్పాను. నెల్లూరు పక్కన పనిచేస్తున్నప్పుడు ఒక జనవరిలో ఎనిమిదో తరగతి పిల్లల్ని బస్సులో నేలపట్టు తీసుకుపోయాం. నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ నడుమ, దొరవారి సత్రం దగ్గర. 1976లో దాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా నోటికి ఇప్పటికీ అవి నెల్లూరు పక్షులే. చెరువు నీళ్లలోనే నిలబడి పెరిగే నీటి కడప చెట్లుంటాయక్కడ. వానలు పడి చెరువు నిండాక ఆ చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్లకొంగలు, నీటికాకులు గూళ్లు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరే వేళకు ఎగిరిపోతాయి.

పిల్లలు గట్టు మీద వరసగా నిలబడి చూస్తున్నారు. ఉన్నట్టుండి ఒక ఆడపిల్ల కేక పెట్టింది. "టీచర్, తల్లి పిల్లను మింగేస్తోంది!" అందరూ అటు పరిగెత్తారు. నిజంగానే అట్లా ఉంది. పెద్ద గూడబాతు నోరు తెరిచి ఉంది. పిల్ల తల, మెడ, భుజాల దాకా తల్లి గొంతులోకి పోయాయి. రెక్కలు టపటపా కొట్టుకుంటోంది. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. కొందరు మగపిల్లలు రాళ్లు తీశారు తల్లి మీద వేద్దామని. నేను రాళ్లు కింద పడేయించి, ఎవరూ మాట్లాడొద్దు, కళ్లు తిప్పొద్దు అన్నాను.

అయిదు నిమిషాలు పట్టి ఉంటుంది. పిల్ల తల బయటికి తీసింది. ముక్కంతా తడి. మింగుడుపడక రెండుసార్లు మెడ సాగదీసి, మళ్లీ తల్లి గొంతులో తల పెట్టింది. తల్లి చేపల్ని మింగి తెచ్చి, సగం అరిగినదాన్ని గొంతులోకి తెస్తుంది. పిల్ల లోపలికి తల దూర్చి తింటుంది. గూడబాతు పిల్లకు కూడు అందే దారి అదే. అట్లా గింజుకుంటుందేం టీచర్ అని అడిగిందా అమ్మాయి. ఆకలమ్మా అన్నాను.

ఆ పిల్ల మొదటి నిమిషంలోనే ముఖం తిప్పుకుని బస్సెక్కి ఉంటే ఏమయ్యేది? గూడబాతు తన పిల్లల్ని తానే తింటుందని ఈ రోజుకీ అందరికీ చెప్పేది. ఒట్టేసి చెప్పేది. కళ్లారా చూసింది కదా మరి.

ఆ గట్టు మీదే ఇంకోటి జరిగింది. రెట్టల కంపుకు మా పిల్లలంతా ముక్కులు మూసుకున్నారు. ఆ చెట్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి, కిందంతా రెట్టే. ఆ ఊరివాళ్లకు మాత్రం అది ఎరువు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు మడికి పారితే పైరు బలంగా వస్తుందని వాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. పక్షుల జోలికి పోకుండా తరతరాలుగా కాచుకోవడానికి అదీ ఒక కారణమే. ఆ కంపు వాళ్లకు రాదని కాదు. కంపుతో పాటు ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో, అక్కడేం పండుతుందో కూడా వాళ్లకు కనబడుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది నేను తలుచుకోవడానికి ఇష్టపడని సంగతి. నేలపట్టు ప్రయాణం కంటే ముందుది. ఉద్యోగం కొత్తలో మూడేళ్లు మీ వైపే, పొగాకు పల్లెల నడుమ ఒక బళ్లో పనిచేశాను. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు సంక్రాంతి సెలవులు అయినప్పటి నుంచి రోజూ మొదటి పీరియడులో నిద్రపోయేవాడు. లేపితే లేచేవాడు, అయిదు నిమిషాలకు మళ్లీ తల వాలిపోయేది. నన్ను లెక్కచేయడం లేదనుకున్నాను. రెండుసార్లు అరచేతుల మీద స్కేలుతో కొట్టాను. వాడు కారణం చెప్పలేదు, నేను అడగలేదు.

ఒకరోజు రాత్రి ఏడెనిమిది గంటలప్పుడు ఏదో పని మీద ఆ ఊరి చివరికి పోతే, బ్యారన్ దగ్గర వాడు కనబడ్డాడు. బ్యారన్ అంటే ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. పొగాకును వేడితో ఆరబెట్టే ఎత్తయిన గోడల ఇల్లు లాంటిది. లోపల పైదాకా అడ్డకర్రల మీద పచ్చాకు వరసలు వేలాడుతుంటాయి. కింద పొయ్యిలో కట్టె మండుతుంటే, ఆ వేడి ఇనప గొట్టాల్లో లోపలంతా తిరుగుతుంది. మొదట ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఆ రంగు నిలవాలి, తర్వాత ఆకు ఆరాలి, ఆఖర్న నడిమీనె ఆరాలి. ఒక్కో దశకు ఒక్కో వేడి. మొదట్లో మన ఒంటి వేడికి కాస్త అటూ ఇటూ, చివరికి డెబ్భై డిగ్రీల దాకా పోతుంది. అయిదారు రోజులు పగలూ రాత్రీ మంట తెగకూడదు. నడుమలో వేడి జారితే ఆకు రంగు చెడుతుంది. రంగు చెడితే వేలంలో ధర పడిపోతుంది. ఏడాది కష్టం ఆ అయిదారు రాత్రుల మీద ఉంటుంది.

వాళ్ల నాయనకు జ్వరం. వారం నుంచి రాత్రుళ్లు మంట చూసేది ఈ పిల్లవాడే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నిలబడి రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. కొడతాననుకున్నాడు.

నేను వాడితో ఏం మాట్లాడానో గుర్తులేదు. ఆ చేతులు గుర్తున్నాయి. మర్నాటి నుంచి మొదటి పీరియడు వాణ్ణి వెనక బెంచీలో పడుకోనిచ్చాను. ఆ పాఠం మధ్యాహ్నం అన్నాల తర్వాత విడిగా చెప్పాను. నేను చేయగలిగింది అంతే.

నీ ఉత్తరంలో నెల చూడగానే నాకా బ్యారన్ కళ్ల ముందు నిలబడింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు, ప్రకాశం రైతులకు ఆ వారం ఎట్లా గడిచిందో వేరే చెప్పనక్కర్లేదు. పొగాకు తోటలు నీళ్లలో మునిగి మొక్క కుళ్లిపోయింది. మీ అన్న మళ్లీ నాటాడని నువ్వే రాశావు. అంటే నారుకు, కూలీకి, ఎరువుకు రెండోసారి ఖర్చు. పంట వెనకబడ్డా సంక్రాంతి వెళ్లాక బ్యారన్ వెలిగించక తప్పదు. దానికి కట్టె కావాలి. కొనాలంటే డబ్బు కావాలి. చెట్టు కొడితే పచ్చికట్టె, అది ఆ రోజుకు పనికిరాదు, నెలా నెలన్నర ఎండాలి. డిసెంబరులో కొట్టిన చెట్టు జనవరి, ఫిబ్రవరికి ఎండుతుంది.

అదే కారణమని నేను తీర్పు చెప్పడం లేదు. గాలికి వేళ్లు కదిలి చెట్టు పక్కకు వాలి ఉండొచ్చు. బాకీవాడొచ్చి గుమ్మంలో కూచుని ఉండొచ్చు. అవేవీ కాక, నీడకు పైరు లేవడం లేదని విసుగుతో కొట్టించి ఉండొచ్చు. నాకు తెలియదు. నాయనా, నీకూ తెలియదు. రెండేళ్లుగా నువ్వు తల్లి పిల్లను మింగుతోందన్న ఆ మొదటి నిమిషం దగ్గరే నిలబడి ఉన్నావు. తుపాను సంగతి నువ్వే రాసి, వెంటనే "అయితే మాత్రం?" అనేశావు. అక్కడ ఇంకొక్క ఘడియ ఆగాల్సింది.

మీ అన్న చేసింది ఒప్పని మాత్రం అనను. నాయన పెట్టిన చెట్టు, ఇద్దరి గట్టు. తమ్ముడికో మాట చెప్పి ఉండాలి. చెప్పకపోవడం తప్పే. నీ బాధ న్యాయమైంది. కారణం తెలిసినంత మాత్రాన అది తీరిపోతుందనీ అనను. ఆ నీడ మళ్లీ రాదు, ఆ మంచం మళ్లీ పడదు. ఆ దుఃఖం నీకు ఉండనీ.

అయితే ఒకటి అడుగుతాను. మీ నాయన చివరి రోజుల్లో ఆ నులకమంచం పొద్దున వేసి సాయంత్రం తీసింది ఎవరు? నువ్వు ఒంగోలులో ఉన్నావు. పొలంలో ఉన్నది ఆయనే. నీకు అది నాయన చెట్టయితే ఆయనకు కాదా? గొడ్డలి పడుతుంటే ఆయన అక్కడ నిలబడి చూశాడో, చూడలేక ఇంటికి పోయాడో. నువ్వు ఆ మాట అన్నప్పుడు ఏమీ మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడన్నావు. తప్పు లేదనుకునేవాడు అంత మాట పడి ఊరుకోడు. అరుస్తాడు. ఆ మౌనం నాకు బరువుగా వినిపించింది.

ఇక కొత్తపట్నం సంగతి. ఆదివారాలు మానకు. మాత్రలూ మానకు. నడక మొదలుపెట్టి మాత్రలు ఆపేసినవాళ్లను చూశాను, అది ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరు చెప్పేదాకా వేసుకో. బీచికి పోయాక అలల ముందు కూచోకు. కాస్త పైన, ఎర్రపీతల బొక్కలున్న చోటు చూసుకుని కూచో. నువ్వు నడిచొస్తుంటేనే అన్నీ లోపలికి దూరిపోతాయి. ఫోన్ తీయకుండా, కాలు కదపకుండా పది నిమిషాలు ఉండు. ముందు ఒకదాని కళ్లు పైకొస్తాయి, పుల్లల మీద నిలబెట్టినట్టు. తర్వాత సగం ఒళ్లు. ఆగుతుంది. మళ్లీ లోపలికి పోతుంది. మళ్లీ వస్తుంది, ఈసారి ఒక పక్కన ఇసుక ముద్ద పట్టుకుని, దూరంగా విసిరేసి, చటుక్కున తిరిగి దూరుతుంది. ఆ ఒక్కదాన్నే చూడు. ఎందుకు ఆగింది, దేనికి జడిసింది, దానికిప్పుడేం కావాలి అని చూస్తూ కూచో. ఆ కాసేపు అన్న గుర్తుకు రాడు. వచ్చినా ఫరవాలేదు, మళ్లీ పీత వైపు చూడు.

అవి దాక్కునేది నీ అడుగుల అదురుకే. నువ్వు వాటికేమీ చేయలేదు, చేయాలనుకోలేదు కూడా. అయినా దాక్కుంటాయి. సాయంత్రం నువ్వు ఇంట్లో కాలు పెట్టగానే ఎవరు ఏ గదిలోకి పోతున్నారో ఎప్పుడైనా గమనించావా? పాపను కూడా ఒక ఆదివారం వెంట తీసుకుపో. అది నీకంటే ముందే పీతల్ని బయటికి రప్పిస్తుంది, చూడు.

ఇది తాబేళ్ల కాలం కాబట్టి ఒడ్డున చచ్చిపడినవి కూడా కనబడతాయి. అవి పైకొచ్చి గాలి పీల్చుకునే ప్రాణులు. వలలో చిక్కి పైకి రాలేక చాలా పోతుంటాయి. పాప అడిగితే దాచకుండా చెప్పు. తీరంలో గుడ్లను సేకరించి కాపాడే చోట్లుంటాయి, పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు తెలిస్తే తప్పకుండా పోయి చూడండి. అరచేతిలో ఇమిడిపోయేంతే ఉంటాయి. వాటిని చూడగానే ఎవరికైనా చేతుల్లోకి తీసుకుని నీళ్లలో పెట్టేయాలనిపిస్తుంది. పెట్టకూడదు. ఇసుక మీదే వదలాలి. ఆ నాలుగడుగులూ అవే నడవాలి. మనం చేయాల్సింది దారిలో చెత్త, గుంటలు లేకుండా చూడటం, వెనక దీపాలు ఆపేయడం. రాత్రిపూట సముద్రం మీది ఆకాశం నేల వైపు కంటే వెలుగ్గా ఉంటుంది, పిల్లలు ఆ వెలుగును బట్టి పోతాయి. మన టార్చిలైటు పడితే దారి తప్పి రోడ్డు వైపు తిరుగుతాయి. ఒకటి వెల్లకిలా పడి లేస్తూ, అలకు వెనక్కి కొట్టుకొస్తూ ఉంటే, చేతులు కట్టుకుని నిలబడటం చాలా కష్టం. నాకు ప్రతిసారీ కష్టమే అయింది.

మీ అన్న దగ్గర కూడా అట్లాగే నిలబడు. పెద్దమనుషుల్ని పంపకు. బంధువుల పెళ్లిలో నలుగురి ముందు చెయ్యి పట్టుకోకు. కారణం చెప్పమని నిలదీయకు. దారిలో నువ్వు వేసిన అడ్డం ఒకటుంది, ఆ ఫోన్లో అన్న మాట. అది మాత్రం తీసేయ్. "అన్నా, ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది" అని, అంతే. చెట్టు ఊసెత్తకు. ఆయన ఊఁ అన్నా, అనకపోయినా, పెట్టేసినా నీ పని అయిపోయినట్టే. ఆ తర్వాత నడవాల్సింది ఆయన. ఒక నెల పట్టొచ్చు, ఒక ఏడాది పట్టొచ్చు.

ఆ రోజు గట్టు మీద ఏం జరిగిందో తెలుసుకోవాలని ఉంటే, తెలిసినవాళ్లను అడుగు. 1840ల్లో మా నెల్లూరులో జెర్డన్ అని ఒక తెల్లదొర డాక్టరుగా పనిచేశాడు. ఇక్కడి పక్షుల, జంతువుల సంగతులు, వాటి తెలుగు పేర్లు ఆయన యానాదుల దగ్గర కూచుని అడిగి రాసుకున్నాడు. ఇంగ్లీషులో ఆయన పేరుతో పిలిచే పక్షే మన కలివికోడి. 1900 తర్వాత అది ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఆ పొదల్లో రాత్రుళ్లు తిరిగి ఎరిగినవాళ్ల సాయంతోనే దొరికింది. మీ గట్టు సంగతి కూడా ఆ నేల మీద రోజూ తిరిగేవాళ్లకు తెలుస్తుంది. మీ పొలంలో ఏళ్లుగా పనిచేసేవాళ్లుంటారు. అందరికంటే ముందు మీ అమ్మ ఉంది. రెండేళ్లుగా ఆమె ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరుగుతూ, అక్కడి మాట ఇక్కడ, ఇక్కడి మాట అక్కడ చెప్పలేక మింగుకుంటూ ఉంది. ఈసారి వచ్చినప్పుడు టీవీ కట్టేసి పక్కన కూచుని, "ఆ రోజు ఏం జరిగిందమ్మా?" అని అడిగి ఊరుకో. ఆమె చెప్పేటప్పుడు మధ్యలో అడ్డం రాకు. నచ్చని మాట వచ్చినా సరే.

తర్వాత ఒకరోజు ఊరికి పో. ఇంటికి వెళ్లే ధైర్యం లేకపోతే ముందు పొలానికే పో. రెండేళ్లుగా నువ్వు ఆ గట్టును మనసులో చూస్తున్నావు గానీ కళ్లతో చూడలేదు. మొద్దును పెకలించేసి ఉంటే, వేపపళ్లు రాలే కాలం దాకా ఆగు. రాలిన పండు గింజను వెంటనే పెట్టాలి, వేప గింజ నాలుగు వారాలు నిలవ ఉంటే మొలవడం కష్టం. పాప చేత పెట్టించు.

పెకలించకుండా పైనే కొట్టి ఉంటే అది చచ్చి ఉండదు. వేప మొండి జాతి. మొద్దు చుట్టూ చిగుళ్లు వేసి ఉంటుంది, మేకలు కొరక్కపోతే ఈపాటికి మనిషెత్తు కొమ్మలై ఉంటాయి. మీ ఊళ్లో మేకలకు కొదవ ఉండదు కదా. దగ్గరికి పోయి, ఆ మొద్దు చుట్టూ ఎవరైనా కంప కట్టారేమో చూడు. కట్టి ఉంటే, ఎవరు కట్టారని నువ్వు ఎవరినీ అడగక్కర్లేదు.